దొరకని టెంక

భీమవరంలో చేపల మేత అమ్మే కొట్టుకూ ఐసు ఫ్యాక్టరీకీ నడుమ ఉన్న ఈ పశువుల ఆసుపత్రి తలుపు తోయగానే ముందు ఫినాయిలు, దాని వెనక టించరు అయోడిను, ఆ రెండూ కప్పలేకపోయిన తడి బొచ్చు, అన్నిటికీ అడుగున బెదిరిన జంతువు వాసన, సరిగ్గా ఈ వరసలోనే నా ముక్కుకు తగిలాయి. వరస విషయంలో నేను పొరబడను. హైస్కూలుకు వెళ్ళేదాకా ఇలాంటి ఆసుపత్రి వెనక వాటాలోనే పెరిగినదాన్ని, ఆ తరువాత రిటైరయ్యేదాకా లెక్కలు చెప్పినదాన్ని.

నేను తెచ్చింది కుక్కను. దాని పేరు సప్లీ. మా మేడ మీద అద్దెకున్న ఇంజనీరింగు పిల్లలు పెట్టిన పేరు. తప్పిన పరీక్షను వాళ్ళు అలా పిలుస్తారట. చదువు ముగించుకుని మంచాలూ పరుపులూ ఆటోకు ఎక్కించుకుని పోతూ దీన్ని మెట్ల కింద వదిలేసి వెళ్ళారు, అప్పటి నుంచీ నా దగ్గరే ఉంటోంది. పొద్దున్నుంచి అన్నం ముట్టడం లేదు, మెడ ముందుకు చాచి దగ్గుతోంది, నోటి వెంట చొంగ తీగలు తీగలుగా కారుతోంది. అది చూసి వెంటనే ఆటో పిలిచాను.

డాక్టరు చిన్నపిల్ల. "ముల్లేదైనా మింగిందా ఆంటీ?" అంది. నా వయసుకు ఆ పిలుపు చాలదు. టీకా ఎప్పుడు వేయించారని అడిగింది. ఎవరి పుట్టినరోజైనా, ఏ రసీదు తేదీ అయినా చూసుకోకుండా చెప్పగలిగిన నేను ఆ ఒక్క ప్రశ్నకు తేదీ చెప్పలేకపోయాను. ఆ పిల్లలు వేయించారో లేదో నాకు తెలియదు. ఆ అమ్మాయి సప్లీ నోటి దాకా తెచ్చిన చేతిని వెనక్కి తీసుకుంది. మత్తిచ్చి, గ్లౌజులు తొడుక్కుని అప్పుడు చూస్తానంది. నాకెక్కడైనా గీరుకుందేమోనని రెండు చేతులూ తిప్పించి చూసింది. "బయట కూర్చోండి, కొంచెం టైం పడుతుంది" అంది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళినందుకు ఆ పిల్లను మనసులోనే దీవించి, వచ్చి బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద ఇక్కడ చేసే పనులన్నీ రాశారు. టీకాలు, ఆపరేషన్లు, స్కానింగు, పళ్ళు తోమడం, గోళ్ళు కత్తిరించడం, స్నానం, క్షవరం, యజమానులు ఊరెళ్తే కుక్కలకు బస. అన్నిటికంటే కింద, సగం పెచ్చులూడిన అక్షరాలతో, పాడి పశువులకు ఇంటి దగ్గరే వైద్యం.

మా నాన్న కాలంలో అలాంటి బోర్డు లేదు. కొవ్వూరుకు దిగువన కాలువగట్టు మీద పెంకుటి కప్పు, రెండు గదులు, ముందు పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల బోను, దాని పక్కన చేదబావి, అదే ఆసుపత్రి. వెనక వాటాలో మేము. నాన్న డాక్టరు, ఆదివారాల్లో లూథరన్ గుడిలో కీర్తన ఎత్తుకునే మనిషి. ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో ఆయనకు వీధి అరుగు దాకానే చోటుండేది, గొడ్లచావిడిలోకి మాత్రం నేరుగా రానిచ్చేవారు. ఆ సంగతి నాన్న ఎప్పుడూ పైకి అనలేదు. నేను చూశాను కనుక రాస్తున్నాను.

ఆ ఆసుపత్రిలో ఏడాది పొడుగునా ఏ పని ఎప్పుడు వస్తుందో మాకు క్యాలెండరుతో పని లేకుండా తెలిసేది. తొలకరికి ముందు గొంతువాపు టీకాలు, వీధి వీధినా పలుపుతాళ్ళతో గేదెల్ని పట్టుకుని వరసన నిలబడిన జనం, టీకా పడగానే తోక ఎత్తి పేడ వేసే గేదె, వెనక నిలబడినవాడి పంచె. వానలు ముదిరాక గాలికుంటుతో కాళ్ళు కుంటుతూ వచ్చే దుక్కిటెడ్లు, వాటి గిట్టలు కడగడానికి అమ్మ కాగులో కాచే వేపాకు నీళ్ళు. చలి మొదలయ్యాక ఎదకొచ్చిన గేదెలకు చూలు కట్టే సూది పని. ఆ మందు పట్నం నుంచి ఫ్లాస్కులో ఐసు మధ్య బస్సులో వచ్చేది, ఆ ఫ్లాస్కులో ఏముందని అడిగినందుకు మా తమ్ముడికి వీపు మీద ఒకటి పడింది. వరి కోతలైన చేలల్లో చల్లిన పిల్లిపెసర ఎదిగాక కడుపుబ్బరాలు, తడి మేత తెగమేసి ఎడమ డొక్క డోలులా ఉబ్బిన గేదెల గొంతులోకి వెదురు గొట్టంతో నూనె, టర్పెంటైను పోస్తుంటే ఆ ఘాటు మా పెరుగన్నంలోకి కూడా వచ్చి చేరేది. మధ్యలో గంపల కింద మూతపెట్టి తెచ్చే కొక్కెర తెగులు కోళ్ళు, ఈనలేక మూలిగే మేకలు. పందేల రోజుల్లో రొమ్ము చీలిన పుంజుల్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, ముళ్ళకంచెలో పడిందండి అని చెప్పేవారు. "కంచె కత్తి కట్టుకుని వచ్చిందా?" అని అడుగుతూనే నాన్న కుట్లు వేసేవాడు. కుక్కను తెచ్చిన మనిషిని మాత్రం నేను చూడలేదు. కుక్కకు డాక్టరేంటి అనుకునే కాలం అది.

మాకు అందులో దక్కేది జున్ను. కష్టమైన ఈత నాన్న చేతుల మీదుగా జరిగితే ఆ ఇంటి నుంచి జున్నుపాలు వచ్చేవి. అమ్మ వాటిలో బెల్లం నలిపి, మిరియాలూ యాలకులూ దంచి వేసి, ఆవిరి మీద పెడితే, మూత సందుల్లోంచి వచ్చే ఆ కమ్మటి వాసనకు నేనూ తమ్ముడూ పొయ్యి ముందు నుంచి కదిలేవాళ్ళం కాదు. జున్నుపాలు వచ్చిన గిన్నెకు మా వైపు ఒక పద్ధతి ఉండేది. దాన్ని కడిగి ఇవ్వకూడదు, ఖాళీగా ఇవ్వకూడదు. కడిగితే ఆ ఇంటి పాడిని కడిగేసినట్టు. అందుకని గిన్నె అడుగున చారెడు బియ్యమో బెల్లం ముక్కో వేసి పంపేవారు.

ఇక తాటిపళ్ళ రోజులు. శ్రావణం నుంచి గట్ల మీద తాటిచెట్ల కింద పళ్ళు రాలి పడేవి. కాలువ మీదుగా ఆ తియ్యటి వాసన వచ్చిందంటే నాన్న చొక్కా చేతులు పైకి మడిచి సిద్ధంగా ఉండేవాడు. గేదెలు ఆ పళ్ళ పీచు చీకుతూ చీకుతూ టెంకను మింగేస్తాయి. అది గొంతుకు అడ్డం పడితే మేత ముట్టవు, మెడ చాచి దగ్గుతాయి, చొంగ కారుస్తాయి. ఒకరు గేదె నాలుకను పక్కకు లాగి పట్టుకుంటే నాన్న మోచేతి దాకా చెయ్యి పెట్టి టెంకను పట్టి లాగేవాడు. అలా తీసిన టెంకల్ని పారేసేవాడు కాదు. బావి వెనక ఇసుకలో పాతర పెట్టేవాడు. శీతాకాలం వచ్చేసరికి అవి తేగలయ్యేవి. తాటాకు మంటలో కాల్చి, నల్లటి తొక్క ఒలిచి, నార తీసి తినేవాళ్ళం. గేదె గొంతులోవి నేను తిననని అమ్మ ఏ ఏడూ ముట్టలేదు.

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు (తమ్ముడు నాలుగో తరగతి అంటాడు, వాడి లెక్క తప్పు, నాలుగులో మా బడి ఇంకా తాటాకు పాకలోనే ఉంది, ఇది పెంకుటింట్లోకి మారిన ఏడు) సుబ్బాయమ్మగారి గేదె ఈనింది. ఆవిడకు భర్త పోయాడు, పిల్లలు లేరు. పెద్ద వీధి ఇళ్ళకు రోజూ వాడిక పాలు పోసి బతికేది. ఊళ్ళో గట్ల మీద గడ్డి కోసే కొడవలి చప్పుడు వినపడితే అది ఆవిడే అని చూడకుండానే చెప్పేవాళ్ళం. దూడ అడ్డం తిరిగితే నాన్న మధ్యాహ్నమంతా ఆ చావిడిలో బోర్లా పడుకుని సరిచేసి తీశాడు. రెండో పూటే సుబ్బాయమ్మగారు అంచుకు సొట్ట పడిన ఇత్తడి గిన్నెతో జున్నుపాలు తెచ్చింది. అమ్మ జున్ను వండింది, తిన్నాం. గిన్నెలో వేసి పంపడానికి ఇంట్లో బెల్లం లేక, సంత దాకా ఆగుదామని అమ్మ దాన్ని గూట్లో పెట్టింది.

సంత రాకముందే సుబ్బాయమ్మగారు పరుగున వచ్చింది. గేదె కుడితి ముట్టడం లేదు, చొంగ కారుస్తోంది, దగ్గుతోంది. తాటిపళ్ళు దండిగా రాలుతున్న రోజులు. ఆ వారంలోనే నాన్న రెండు గేదెల గొంతుల్లోంచి టెంకలు తీశాడు. దారిలో ఎదురైన వాళ్ళంతా టెంకే అన్నారు, నాన్నా టెంకే అనుకున్నాడు. నాలుక సుబ్బాయమ్మగారే పట్టుకుంది. నాన్న చెయ్యి పెట్టి కుడివైపు వెతికాడు, ఎడమవైపు వెతికాడు, చెయ్యి మార్చి మళ్ళీ వెతికాడు. గేదె దంతం ఒరుసుకుని మణికట్టు దగ్గర చర్మం లేచింది. టెంక దొరకలేదు. కడుపులోకి జారిపోయి ఉంటుందని మందిచ్చి వచ్చాడు.

మర్నాడు ఆ గేదె అరుపు మా ఇంటికి వినిపించింది. బొంగురుపోయి, మధ్యలో తెగిపోయి, మళ్ళీ మొదలయ్యే అరుపు. గేదె అలా అరవగా నేను ఎన్నడూ వినలేదు. నాన్న పళ్ళు తోముకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. వెళ్ళి చూసి, గాటికొయ్యను కుమ్ముతున్న గేదెకు దూరంగా నిలబడి, అప్పుడు అడిగాడు, ముందు రోజు అడగవలసిన మాట. కుక్క ఏదైనా కరిచిందా? సుబ్బాయమ్మగారికి అప్పుడు గుర్తొచ్చింది. ఎండల్లో ఎప్పుడో ఊరు కాని కుక్క ఒకటి పరిగెత్తుకొస్తూ గేదె మూతి మీద పట్టిందట. పసుపూ సున్నమూ పెడితే మానిపోయిందట. గేదెకు మానిన గాయాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నాన్న ఇంటికి వచ్చి బావి దగ్గర కార్బాలిక్ సబ్బుతో ఆ చెయ్యి కడుక్కుంటూనే ఉన్నాడు. అమ్మ చేదతో నీళ్ళు పోస్తూ మొహంలోకి చూసింది. "టెంక కాదు" అన్నాడు.

పిచ్చికుక్క జబ్బు పైకి తేలిందంటే మందు లేదని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తేలకముందే రాజమండ్రి వెళ్ళి పొట్టలో, బొడ్డు చుట్టూ, వరసగా సూదులు వేయించుకోవాలి. నాన్నకు చర్మం లేచింది. సుబ్బాయమ్మగారి వేళ్ళ నిండా గడ్డి కోసిన కొడవలి గాట్లు, వాటి మీదే చొంగ పట్టింది. ఇద్దరూ వెళ్ళాలి. అంతకంటే ముందు, వాడిక ఇళ్ళకు సంగతి చెప్పాలి. చెప్పవద్దని ఆవిడ నాన్న కాళ్ళకు అడ్డం పడింది. వాడిక పోతే తనకు ఇంకేం లేదు. నాన్న ఆవిడను లేవదీసి, పెద్ద వీధిలో ప్రతి అరుగు ముందూ నిలబడి, కాచిన పాలతో భయం లేదనీ, పచ్చిపాలు నోట్లో వేసుకున్నవాళ్ళుంటే చెప్పమనీ, ఆ గేదెను చూసింది తానేననీ, తానే పొరబడ్డాననీ చెప్పాడు. భయం లేదన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పాలకుండల్ని వీధిలో పగలగొట్టారు. గేదె చచ్చిపోయింది, దూడా నిలవలేదు, సున్నం పోసి లోతుగా పూడ్చారు. సుబ్బాయమ్మగారి దగ్గర పాలు పోయించుకునే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు.

మొదటి మూడు సూదులకూ ఆవిడ నాన్నతో వెళ్ళింది. కొవ్వూరు దాకా బస్సు, అక్కడి నుంచి వంతెన మీద రైలు. వరదకు లాంచీలు కట్టేశారు. వచ్చేసరికి ఇద్దరి పొట్టలూ గట్టిపడి, వంగి నడిచేవారు. అమ్మ ఇసుక మూట వేడిచేసి నాన్న పొట్టకు కాపడం పెట్టేది. నాలుగో రోజు ఆవిడ రాలేదు. నాన్న బస్సు దగ్గరికి కాకుండా ఆవిడ ఇంటికి నడిచాడు. బడి ఆ దారినే కనుక నేనూ వెంట ఉన్నాను. ఆవిడ ఖాళీ గాటి ముందు కూర్చుని ఉంది.

"గేదే పోయింది, వాడికా పోయింది. ఈ పొట్టలో పొడిపించుకుని నేను చేసేదేంటండి? మీరెళ్ళండి."

నాన్న చెప్పులు విడిచి గడప బయట నిలబడ్డాడు. శాస్త్రం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"మీ గేదె నా చెయ్యి కూడా గీరిందండి. ఒక్కడినీ వెళ్ళాలంటే భయంగా ఉంది. తోడు రండి, సుబ్బాయమ్మగారూ."

ఆవిడ తలెత్తి చూసింది. "చదువుకున్నోరు, మీకేం భయమండీ?"

"చదువుకున్నాను కాబట్టేనండి."

ఆవిడ లేచి చెంగు దోపుకుంది. బస్సు వెళ్ళిపోయి ఉంటే ఎలాగని సణుగుతూ నాన్న కంటే ముందు నడిచింది. ఆ తరువాత ఒక్క సూది కూడా తప్పలేదు. ఆవిడ రావడం ఆలస్యమైతే నాన్న బస్సును ఆపించేవాడు, నాన్న ఆలస్యమైతే ఆవిడ ఆపించేది.

సూదులు అయిపోయాయి కానీ ఎదురుచూపు అవలేదు. ఎప్పటిదాకా అన్నది ఎవరూ చెప్పలేని జబ్బు అది. నాన్న తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాడు. తమ్ముణ్ణి ఎత్తుకోవడం మానేశాడు. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు పశువును బోనులో కట్టేసి, దూరంగా జరిగి, చెయ్యి పెట్టక్కర్లేదు, మందు చెప్పండి చాలండి అనేవారు. నాన్న చెప్పేవాడు. ఆయన మొహంలో అలసట నేను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే, తరువాత చాలా కాలానికి అద్దంలో నా మొహంలో కూడా చూశాను.

అమ్మ ఒక పని మొదలుపెట్టింది. ఆ జబ్బు వచ్చిన మనిషి నీళ్ళు తాగలేడు, నీళ్ళు చూస్తేనే గొంతు పట్టేస్తుందని ఆవిడకు తెలుసు. నాన్న భోజనానికి కూర్చోగానే ముందు గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, వడ్డించకుండా ఎదురుగా నిలబడేది. ఆయన గ్లాసెత్తి తాగేదాకా, గుటక గొంతులో దిగేదాకా చూసి, అప్పుడు అన్నం పెట్టేది. ఆయనకు దాహం లేకపోయినా తాగేవాడు.

ఎప్పటికి తగ్గుతుంది నాన్నా అని నేనే ఒకరోజు అడిగాను. అప్పుడాయన బావి వెనక ఆ ఏడు పెట్టిన పాతర సర్దుతున్నాడు. "ఇవి తేగలయ్యే నాటికి నేనిలాగే నీళ్ళు తాగుతుంటే, చాలావరకు గట్టెక్కినట్టే బుల్లమ్మాయ్" అన్నాడు. ఇక నేను బడికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ ఇసుకను చూసేదాన్ని. వరద తీసింది, వరి పొట్టకొచ్చింది, పండింది, కోతలయ్యాయి. క్రిస్మసుకు అమ్మ అరిసెల పిండి దంచుకునే రోజులు వచ్చాయి. ఇసుక మీద ఏమీ కనబడేది కాదు. తేగ పైకి రాదు, కిందికి దిగుతుంది.

క్రిస్మసుకు ముందటి శనివారం నాన్న గునపం అడిగాడు. ఎవరు చెప్పారో తెలియదు, సుబ్బాయమ్మగారు తన గునపం తనే పట్టుకుని వచ్చింది. ఇద్దరూ చెరో వైపు నుంచి పాతర తవ్వారు. తేగలు తెల్లగా, పొడుగ్గా, ఒక్కటీ విరగకుండా వచ్చాయి. తాటాకు వేసి కాల్చాం. ఆ పొగ వాసన, కాలిన తొక్క కింద వెచ్చగా, చప్పగా, కొంచెం తీపిగా ఉండే ఆ పిండి రుచి నాకు ఇప్పటికీ గుర్తు. నాన్న ఒకటి ఒలిచి అమ్మకు ఇచ్చాడు. గేదె గొంతులోవి తిననని ఏటేటా చెప్పే మనిషి, నమిలి తినేసింది. తిని, లోపలికి వెళ్ళి, సొట్ట పడిన ఇత్తడి గిన్నె నిండా తేగలు పేర్చి తెచ్చింది.

"గిన్నె కడిగేశారా అమ్మగారూ?" అని అడిగింది సుబ్బాయమ్మగారు.

"బూడిద పెట్టి, మరిగే నీళ్ళు పోసి, మూడుసార్లు కడిగానండి."

"మంచి పని చేశారు" అని గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

ఆవిడ మళ్ళీ గేదెను కట్టలేదు. కోళ్ళు పెంచింది, వాటికి తుమ్మొచ్చినా నాన్న దగ్గరికే తెచ్చేది. నాన్న తరువాత ఇంకో మూడు ఊళ్ళు మారి, పెద్ద వయసులో, మామూలు జబ్బుతో పోయాడు. ఇంట్లో నేనూ తమ్ముడూ పెళ్ళీడుకొచ్చినా అమ్మ గ్లాసు పెట్టి ఎదురుగా నిలబడడం మానలేదు, ఎందుకో ఆవిడే మరిచిపోయి ఉండవచ్చు.

పోయిన ఏడు ఆ ఊరు మీదుగా వెళ్ళాను. ఆసుపత్రి స్థలంలో ఎరువుల గోదాము ఉంది. పిల్లిపెసర చల్లిన చేలు రొయ్యల చెరువులయ్యాయి. గట్ల మీద తాటిచెట్లు అక్కడక్కడా ఉన్నాయి, కింద పళ్ళు రాలినవి రాలినట్టే కుళ్ళుతున్నాయి, వాటిని చీకే గేదె ఒక్కటి కనబడలేదు. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. జున్ను ప్లాస్టిక్ డబ్బాలో అమ్ముతున్నారు, ఆ డబ్బాను ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు. కుక్కలు మాత్రం అప్పటికంటే ఎక్కువే ఉన్నాయి.

డాక్టరమ్మాయి తలుపు తీసి పిలిచింది. "దొరికింది ఆంటీ" అంది. స్టీలు పళ్ళెంలో నా చిటికెన వేలంత చేప ముల్లు, దాని చుట్టూ కాస్త నెత్తురు. సప్లీ నాలిక వెనక అడ్డంగా గుచ్చుకుందట. పుండు మానాక టీకా వేయించాలని తేదీ రాసిచ్చింది. ఆ చీటీ మడిచి పెట్టుకుని, పళ్ళెం దగ్గరికి తీసుకుని చూశాను. నాన్న ఆ గేదె గొంతులో కుడివైపు, ఎడమవైపు, చెయ్యి మార్చి మళ్ళీ వెతికింది ఇలాంటి ఒక్కదాని కోసం.

మత్తు దిగేదాకా తీసుకువెళ్ళవద్దంది. తరువాత నీళ్ళు పెట్టి చూడండి, తాగితే ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు అని, ఒక గిన్నెలో నీళ్ళు పోసి సప్లీ ముందు పెట్టి, ఇంకో కుక్క గోళ్ళు కత్తిరించడానికి వెళ్ళిపోయింది. సప్లీ తల ఎత్తలేక ఎత్తింది. గిన్నె వైపు చూసింది. నేను కుర్చీ దాని ఎదురుగా లాక్కుని కూర్చున్నాను, దాని గొంతు మీద నుంచి చూపు తిప్పకుండా.